మత్తెక్కించని మత్తుమందు, ఎవరూ అడగని ప్రశ్న

తెలుగులో అన్నిటినీ కలిపి 'మత్తుమందులు' అనేస్తాం. నల్లమందుకి ఆ మాట సరిపోతుంది. కొకైన్‌కి, మెథాంఫెటమైన్‌కి అస్సలు నప్పదు. ఇవి జోకొట్టవు. నిద్ర, ఆకలి రెండూ పోగొడతాయి, గుండె దడ పెంచుతాయి, మనిషికి లేని ధైర్యం తెచ్చిపెడతాయి. డాక్టర్లు వీటిని ఉత్తేజకాలు అంటారు. శృంగారంతో వీటి సంబంధం కూడా వేరే రకం. హెరాయిన్ అలవాటైనవాళ్లకి మామూలుగా కోరిక చల్లబడిపోతుంది. ఉత్తేజకాలు మొదట్లో దాన్ని ఎగదోస్తాయి. ఆ తర్వాత ఏమవుతుందో వైద్యానికి అర్థం కావడానికి నూరేళ్లు దాటింది. అందుకు పెద్ద కారణం, ఆ సంగతి రోగిని అడిగినవాళ్లు చాలా తక్కువమంది కావడమే.

మొదటి ఆనవాళ్లు 1884లోనే ఉన్నాయి. అప్పటికి సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నాలో ఇంకా పేరు రాని ఇరవై ఎనిమిదేళ్ల డాక్టర్. కొకైన్ మీద ఆయన రాసిన వ్యాసం నిండా పొగడ్తలే. తను మందు ఇచ్చినవాళ్లలో ముగ్గురు విపరీతమైన లైంగిక ఉద్రేకం కలిగిందని చెప్పినట్టు అందులోనే ఒకచోట రాశాడు. దిగులులోంచి తేరుకుని మళ్లీ పని మొదలుపెట్టిన ఒక యువ రచయిత, ఈ ఇబ్బంది వల్లే మందు మానేశాడనీ చెప్పాడు. తర్వాత జీవితమంతా లైంగికత గురించే రాసిన మనిషి ఈ విషయాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

అమెరికాలో ఇదే విషయం పూర్తిగా పెడదారి పట్టింది. 1910లో హామిల్టన్ రైట్ అనే అధికారి ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, దక్షిణాది నల్లవాళ్లు అత్యాచారాలు చేయడానికి కొకైన్ ప్రేరణ అని రాశాడు. దానికి ఆధారం లేదు, ఉన్నది జాతి ద్వేషం. నాలుగేళ్లకి, 1914లో, కొకైన్, నల్లమందు అమ్మకాలను కట్టడి చేసే హారిసన్ చట్టం వచ్చింది. దాని వెనక ఉన్న భయాల్లో ఇదీ ఒకటి. డ్రగ్స్, శృంగారం అన్న మాటలు పక్కపక్కన వచ్చినప్పుడల్లా కథ పోలీసు వైపో నీతిబోధ వైపో మళ్లిపోవడానికి బీజం అక్కడ పడింది. ఇక ఏ రోగి నోరు విప్పుతాడు?

ఈలోగా మరో మందు తయారైంది. 1893లో జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయి నగయోషి ఎఫెడ్రిన్ నుంచి మెథాంఫెటమైన్ తీశాడు. 1919లో అకిరా ఒగాటా దాన్ని స్ఫటిక రూపంలోకి తెచ్చాడు. ఇవాళ 'క్రిస్టల్' అంటున్నది దాన్నే. 1938లో జర్మనీలో పెర్విటిన్ పేరుతో, 1941లో జపాన్‌లో హిరోపోన్ పేరుతో మందుల షాపుల్లోకి వచ్చింది. యుద్ధంలో సైనికులకీ ఫ్యాక్టరీ కార్మికులకీ పంచారు. యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు జపాన్ బజార్లను ముంచెత్తాయి. 1951లో ప్రత్యేక చట్టం తెచ్చినా, 1954 ఒక్క ఏడాదిలోనే 55,664 మందిని అరెస్టు చేయాల్సి వచ్చింది.

లైంగికత గురించి డాక్టర్లు సూటిగా రాసిన తొలి పరిశోధనల్లో ఒకటి 1961లో వచ్చింది. ఆస్ట్రేలియాలో బెల్, ట్రెథోవాన్ అనే ఇద్దరు మానసిక వైద్యులు మెథాంఫెటమైన్‌కి దగ్గరి చుట్టమైన ఆంఫెటమైన్ వ్యసనపరుల లైంగిక జీవితం మీద రాశారు. కానీ అప్పట్లో చూపు ఎక్కువగా 'వీళ్లలో ముందే ఏదో తేడా ఉంది' అన్న వైపే ఉండేది. మందు ఏం చేస్తోంది, ఇంట్లో ఉన్న మనిషి ఏమవుతోంది అన్నవి వెనకబడ్డాయి.

మందు ఏం చేస్తుందో అర్థమవ్వాలంటే చెరువు తూమును ఊహించుకోండి. మెదడులో సంతోషానికీ ఆశకీ సంబంధించిన డోపమైన్ అనే రసాయనం కొద్దికొద్దిగా విడుదలై, పని అయ్యాక వెనక్కి వెళ్లిపోతుంది. కొకైన్ ఆ వెనక్కి వెళ్లే దారిని మూసేస్తుంది. మెథాంఫెటమైన్ ఇంకా దారుణం: దారిని మూయడమే కాదు, లోపల దాచిన నిల్వను కూడా తూము ఎత్తి బయటికి తోసేస్తుంది. పైగా కొకైన్ ఊపు గంటలోపే దిగిపోతే, మెథాంఫెటమైన్ ఒంట్లో సగానికి తగ్గడానికే పది పన్నెండు గంటలు పడుతుంది. అందుకే రోజుల తరబడి నిద్ర లేకుండా గడిపేవాళ్లు కనిపిస్తారు. సిగ్గు, భయం, అలసట, 'ఇక చాలు' అనే లోపలి గొంతు అన్నీ ఒకేసారి మూగబోతాయి. రక్షణ గుర్తుండదు, అవతలి మనిషి ఇష్టం సరిగ్గా వినబడదు. మూడు రోజులు నిద్రపోని మనిషి ఒప్పుకున్నాడంటే దాన్ని ఒప్పుకోలు అనొచ్చా అన్నది చట్టానికి కూడా చిక్కు ప్రశ్నే.

ఇంకో మెలిక ఉంది. కోరిక పెంచే ఈ మందే రక్తనాళాలను బిగదీస్తుంది. కాబట్టి చాలామంది మగవాళ్లలో కోరిక ఆకాశంలో ఉంటే శరీరం సహకరించదు. 1998లో వయాగ్రా వచ్చాక రెండిటినీ కలిపి వాడటం మొదలైంది. గుండెకి అది రెండు వైపుల నుంచీ దెబ్బ. మన గోడల మీద 'మగతనం లోపమా?' అని పోస్టర్లు వేసే క్లినిక్‌లకి వెళ్లి, అసలు కారణం చెప్పకుండా మాత్రలు తెచ్చుకునేవాళ్లకి ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండు.

ప్రశ్న అడగక తప్పని పరిస్థితి తెచ్చింది ఎయిడ్స్. 1980లలో అమెరికా నగరాల పేద పేటల్లో పొగలా పీల్చే క్రాక్ కొకైన్ పాకింది. చేతిలో డబ్బు అయిపోయినప్పుడు మందు కోసం, డబ్బు కోసం శరీరం ఇచ్చుకునే మార్కెట్ కూడా దాంతోపాటే వచ్చింది. అందులో ఎక్కువ నలిగింది ఆడవాళ్లు. 1994లో న్యూయార్క్, మయామి, శాన్‌ఫ్రాన్సిస్కో యువత మీద చేసిన అధ్యయనం వెలువడింది. ఎన్నడూ సూదితో డ్రగ్స్ ఎక్కించుకోనివాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, క్రాక్ పీల్చేవాళ్లలో 15.7 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది, పీల్చనివాళ్లలో 5.2 శాతానికి. సూది లేకుండానే వైరస్ పాకుతోందంటే దారి పడకగదిలోంచే.

తర్వాతి అధ్యాయం కాలిఫోర్నియా గే సమాజానిది. ఈ కథలో వాళ్ల పాత్రని నేను కాస్త ఎక్కువగానే చెప్పాలనుకుంటున్నాను. 1990లలో శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్‌లలో క్రిస్టల్ వాడకం వాళ్లలో పెరిగింది. ఎయిడ్స్‌తో స్నేహితులను పోగొట్టుకున్న దుఃఖం, వెలివేత, ఒంటరితనం నుంచి ఒక్క రాత్రి తప్పించుకునే మార్గంగా చాలామంది దాన్ని చూశారు. కానీ ఎయిడ్స్ కాలంలోనే వాళ్లు పడక విషయాలు డాక్టర్ ముందు సిగ్గు లేకుండా మాట్లాడటం నేర్చుకున్నారు. 'నాకు మందు మానడం కష్టం కాదు, మందు లేకుండా శృంగారం ఊహించుకోవడం కష్టం' అన్న తరహా మాటలు కౌన్సెలింగ్ గదుల్లో వినబడ్డాయి. మళ్లీ వ్యసనంలో పడేది ఎక్కడో అప్పుడు తెలిసింది. లాస్ ఏంజెలెస్‌లో షాప్‌టా, రీబ్యాక్ బృందం 162 మందితో చేసిన చికిత్స ప్రయోగం 2005లో వెలువడింది. మందు మాన్పించే చికిత్సతో రక్షణ లేని లైంగిక సంబంధాలు కూడా తగ్గాయని అందులో తేలింది.

2002లో అమెరికాలో రాసన్ అనే పరిశోధకుడి బృందం వేర్వేరు వ్యసనాలతో చికిత్సకొచ్చినవాళ్లని పక్కపక్కన పెట్టి చూసింది. మందుకీ లైంగిక ఆలోచనలకీ ముడి అన్నిటికంటే బలంగా ఉన్నది మెథాంఫెటమైన్ వాడేవాళ్లలో, ఆడా మగా ఇద్దరిలోనూ. ఇది స్వభావమా, మందు పనా అన్న వాదనకి ఎలుకలు కొంత జవాబిచ్చాయి. 2011లో వచ్చిన ప్రయోగంలో, కలయిక తర్వాత ఒంట్లో బాగోకుండా చేస్తే మామూలు మగ ఎలుకలు దానికి దూరమయ్యాయి. మందు, కలయిక ఒకేసారి అలవాటైన ఎలుకలు మాత్రం ఆపలేకపోయాయి. ఎలుకకి నీతీ ఉండదు, పరువు భయమూ ఉండదు.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుంది? మొదట్లో దగ్గరితనం పెరిగినట్టే ఉంటుంది. భాగస్వామికి విషయం తెలియకపోతే మురిసిపోవడమూ ఉంటుంది. కొన్ని నెలలకి మామూలు రోజున ముట్టుకోవాలనే అనిపించని స్థితి వస్తుంది. డోపమైన్ వరదకి అలవాటైన మెదడుకి మామూలు స్పర్శ చప్పగా తోస్తుంది. ఆ తర్వాత అనుమానం. మెథాంఫెటమైన్ ఎక్కువకాలం వాడితే లేనివి వినబడటం, ఎవరో వెంటాడుతున్నారనిపించడం బాగా తెలిసిన లక్షణాలు. ఆ అనుమానం ముందుగా పడేది పక్కన పడుకున్న మనిషి మీదే: ఫోన్ తనిఖీలు, ప్రశ్నలు, చేయి చేసుకోవడం. కొన్నిసార్లు భర్తో ప్రియుడో అలవాటు చేసి, తర్వాత ఆ మందునే పగ్గంగా వాడి ఆడమనిషిని కట్టిపడేస్తాడు. ఆమె కౌన్సెలర్ దగ్గరికి వచ్చినా ఆయనే పక్కన కూర్చుంటాడు.

మన సంగతికొస్తే, 2019లో ఢిల్లీ ఎయిమ్స్ నిపుణుల జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో కొకైన్ వాడేవాళ్లు 0.10 శాతం, ఆంఫెటమైన్ రకాలు వాడేవాళ్లు 0.18 శాతం. తక్కువగానే కనిపిస్తుంది, కానీ ఆ వయసువాళ్లలో 0.18 శాతమంటే దాదాపు ఇరవై లక్షల మంది. హైదరాబాద్‌లో కొకైన్, ఎండీఎంఏ (ఎక్స్‌టసీ అని పిలిచే పార్టీ డ్రగ్) పట్టివేతలు ఇప్పుడు పేపర్లో మామూలు వార్త. పార్టీ, పబ్బు, సినిమావాళ్లు అన్న మాటల దగ్గరే ఆ వార్త ఆగిపోతుంది. మన డీఅడిక్షన్ వ్యవస్థ పెరిగింది మద్యం, నల్లమందు, హెరాయిన్ చుట్టూ. హెరాయిన్‌కైతే బదులుగా ఇచ్చే మందులున్నాయి. ఉత్తేజకాల వ్యసనానికి అమెరికాలో కూడా ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. 2021లో వెలువడిన ప్రయోగంలో మెథాంఫెటమైన్ వ్యసనానికి నాల్ట్రెక్సోన్, బుప్రోపియాన్ అనే రెండు మందులు కలిపి ఇస్తే 13.6 శాతం మందికి పనిచేసింది, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 2.5 శాతానికే. ఆశ ఉంది, కానీ చిన్నదే. ఇప్పటికీ ఎక్కువ భారం మోస్తున్నది మాటలతో చేసే చికిత్సే, అందులో పడకగది ప్రస్తావన రాకపోతే సగం విషయం గది బయటే ఉండిపోతుంది.

మానేశాక మొదటి నెలలే చాలా జంటలకి గడ్డుకాలం. కోరిక పూర్తిగా మాయమైపోతుంది, ఏ పనిలోనూ రుచి ఉండదు. 'డ్రగ్స్ మానేశాక నేను అక్కర్లేకుండా పోయానా' అని భార్య అనుకుంటుంది, 'నేనిక పనికిరాను' అని ఆయన అనుకుంటాడు. ఆ రాత్రుల్లోనే పాత నంబరుకి మళ్లీ ఫోన్ వెళుతుంది. 2001లో అమెరికా శాస్త్రవేత్త నోరా వోల్కావ్ బృందం మెథాంఫెటమైన్ మానేసిన కొందరి మెదడుకి రెండుసార్లు స్కానింగ్‌లు తీసి చూసినప్పుడు, దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థ తిరిగి కోలుకుంటున్న గుర్తులు కనిపించాయి. అయితే ఆ రెండో స్కాన్ నాటికి వాళ్లు మందు మానేసి పన్నెండు నుంచి పదిహేడు నెలలు గడిచాయి.