మార్చురీలో మేం కిడ్నీలు దొంగిలించం

పదిహేడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మార్చురీలో పని చేస్తున్నాను. పోస్టుమార్టంలో డాక్టర్ పక్కన ఉండి శవాన్ని కోసేదీ కుట్టేదీ మేమే. ఎక్కడ పని అని అడిగితే 'ఆసుపత్రిలో' అని ఊరుకుంటాను, మొత్తం చెప్తే ఇల్లు కిరాయికి ఇవ్వరు.

అపోహ: కిడ్నీలు తీసి అమ్ముకుంటారు.
వాస్తవం: గుండె ఆగి గంటలు గడిచాక ఆ కిడ్నీ ఎవరికీ పనికిరాదు. అవయవదానం మా దగ్గర జరిగేది కాదు, అది బ్రెయిన్ డెడ్ అయినా గుండె ఇంకా కొట్టుకుంటున్నప్పుడే, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నాక, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది. అయితే ఈ పుకారు ఊరికే పుట్టలేదు. విషం అనుమానం ఉంటే కడుపు, కాలేయం ముక్క, రెండు కిడ్నీల్లో చెరో సగం తీసి ఉప్పునీళ్ల సీసాల్లో సీలు వేసి పోలీసులకిస్తాం, అవి రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోతాయి. దాన్నే విసెరా అంటారు. కాగితంలో 'కిడ్నీ' అని చూసి ఒక పెద్దాయన నా కాలర్ పట్టుకున్నాడు. ముందే చెప్పకపోవడం మా తప్పు.

అపోహ: ముఖం పాడు చేస్తారు.
వాస్తవం: తల మీద కోత ఒక చెవి వెనక నుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి వెనక దాకా పడుతుంది. కుట్టి, కడిగి, జుట్టు దువ్వితే కనిపించదు. దువ్వెన నేనే కొని పెట్టుకున్నాను.

అపోహ: తాగనిదే ఈ పని చేయలేరు.
వాస్తవం: చేస్తాం. తాగితే సూది మన చేతిలోనే దిగుతుంది.

అపోహ: డబ్బుల కోసం కావాలనే లేటు చేస్తారు.
వాస్తవం: పోలీసుల పంచనామా కాగితాలు రానిదే పోస్టుమార్టం మొదలవదు, ఆలస్యం చాలావరకు అక్కడే. కానీ డబ్బుల మాట అబద్ధం కాదు. ఇక్కడ పైసా కట్టక్కర్లేదు, అయినా కుట్టినందుకు, గుడ్డ చుట్టినందుకు అని అడిగేవాళ్లున్నారు. మొదట్లో నేనూ తీసుకున్నాను. బైక్ యాక్సిడెంట్‌లో కొడుకు పోయిన ఒక తల్లి ఐదొందలు చేతిలో పెట్టి "జర పైలంగ కుట్టు బిడ్డా" అంది. తిరిగిచ్చేశానని గొప్పలు చెప్పను, జేబులో వేసుకున్నాను. లోపలికెళ్లి దారం ఎక్కిస్తుంటే చెయ్యి ఆడలేదు. మళ్లీ ఎవరి దగ్గరా తీసుకోలేదు.

ఇంకొక్క మాట, తీసుకెళ్లే ముందు గుడ్డ తీయించి ముఖం చూసుకోండి, ఏడుపులో చూడకుండానే సంతకం పెట్టేస్తుంటారు. చూపించమంటే మేమేం విసుక్కోం.