పాలు విరగ్గొట్టి గోడకు వేద్దాం

పిల్లలతో ఇంట్లో చేయడానికి తేలికైన వంట పని ఒకటి, గోడకు రంగు వేసే పని ఒకటి, ఏది ముందో ఏది వెనకో వరసగా చెప్పమని ఒక పాఠకురాలు అడిగారు. రెండెందుకండీ, ఒకటే చెబుతాను. పొయ్యి దగ్గర మొదలై గోడ మీద తేలుతుంది.

లీటరు పాలు తీసుకోండి. వెన్న పూర్తిగా తీసినవే కావాలి. గోరువెచ్చన చేసి, నాలుగు పెద్ద చెంచాల వెనిగర్ కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా తిప్పండి. కాసేపటికి తెల్లటి ముద్ద ఒకవైపు, పసుప్పచ్చటి తేట నీళ్ళు ఒకవైపు అయిపోతాయి. గుడ్డలో వడగట్టి, ముద్దని మంచినీళ్ళతో కడిగి పిండండి. వంట అయిపోయింది.

పాలు విరిగితే ఏదో కీడు మూడుతుందని బెంగపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. గిన్నెలో జరిగిందల్లా కొన్ని గొడుగులు ముడుచుకోవడం.

పాలలోని ప్రొటీన్‌లో 80 శాతం దాకా కేసీన్ అనే రకం. దాని అణువులు వేల సంఖ్యలో పోగై, మధ్యలో కాల్షియం ఫాస్ఫేట్ బంకలా పట్టి ఉంచగా, సగటున 150 నానోమీటర్ల ఉండలు కడతాయి. ప్రతి ఉండ చుట్టూ సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగుకి ఋణావేశం (నెగటివ్ ఛార్జి), ఒకే రకం ఆవేశమున్నవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఇరుకు సందులో వాన పడుతోంది, అందరూ గొడుగులు తెరిచి నిలబడ్డారనుకోండి. ఎవరి భుజం ఎవరికీ తగలదు, గొడుగే గొడుగుని తోసేస్తుంది. పాలు పాలలాగా ఉండడమంటే అదే. వెనిగర్‌లోని హైడ్రోజన్ అయాన్లు, అంటే ధనావేశమున్న కణాలు, వచ్చి ఆ ఋణావేశాల మీద కూర్చుంటాయి. గొడుగులు ఒక్కొక్కటే ముడుచుకుంటాయి, లోపలి కాల్షియం బంక కూడా కరిగి తేటలోకి జారుకుంటుంది. ఆమ్లత్వాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ. మామూలు పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. అది 4.6కి దిగేసరికి కేసీన్ మీద మొత్తమ్మీద ఆవేశమే మిగలదు. తోసేవాడు లేడు కాబట్టి అందరూ ఒకరి మీద ఒకరు పడి ముద్దయిపోతారు. పీహెచ్ 2 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు వంద రెట్లు పెరిగినట్టు. బళ్ళో మాకు లిట్మస్ ఎరుపు, లిట్మస్ నీలం అని బట్టీ పట్టించారే గానీ, ఈ వంద రెట్లని ఒక్క పాలగిన్నెలో చూపించినవాళ్ళు లేరు.

ఇక రంగు. ఆ ముద్ద అయిదు వంతులైతే, నీళ్ళలో నానిన మెత్తటి సున్నపు ముద్ద ఒక వంతు కలపాలి. సున్నం ముందే తడిపి చల్లారినదై ఉండాలి. కాల్చిన రాళ్ళ సున్నం జోలికి వెళ్ళకండి, నీళ్ళు తగిలితే సలసలా కాగుతుంది. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు పెద్దవాళ్ళకీ తప్పవు. సున్నం కలిపే పని పిల్లలకివ్వొద్దు.

కలిపిన కాసేపటికి చూడండి. గులకల్లా ఉన్న ముద్ద జారి, సాగి, తేనెలా అవుతుంది. సున్నపు నీటి పీహెచ్ 12.4. ముద్ద ఉన్న 4.6 నుంచి అక్కడికి వెళ్ళడమంటే హైడ్రోజన్ అయాన్లు కొన్ని కోట్ల రెట్లు తగ్గిపోవడం. మూసిన గొడుగులు మళ్ళీ తెరుచుకున్నాయి అంటే సరిపోదు. ఇంతకుముందు గుంపుకొక గొడుగుండేది, ఇప్పుడు మనిషికొకటి వచ్చింది. అణువు అణువుకీ ఋణావేశమే కనుక ఎవరికి వారు విడిపోయి నీళ్ళలో కలిసిపోతారు. గోడ మీద పూశాక నీళ్ళు ఆవిరవుతాయి, సందు ఇంకా ఇరుకవుతుంది. అప్పుడు సున్నంలోని కాల్షియం ఒక చేత్తో ఒక గొడుగు కర్రనీ, రెండో చేత్తో పక్కవాడి కర్రనీ పట్టుకుంటుంది. రెండు ధనావేశాలున్న అయాన్ కాబట్టే ఆ పని చేయగలదు. ఇలా అల్లుకున్నాక మళ్ళీ నీళ్ళు పోసినా వదలదు. వాన వెలిశాక గొడుగులు ఒకదానికొకటి చిక్కుకోవడం ఎవరూ చూసి ఉండరు. నా పోలిక చిరిగేది ఇక్కడే.

మొదటిసారి నేను కాగుతున్న పాలలో వెనిగర్ గుమ్మరించాను. ముద్ద రబ్బరులా బిగుసుకుపోయింది. గంటసేపు సున్నంతో తిప్పినా నూకల్లాంటి పలుకులు మిగిలాయి, ఆరాక చెయ్యి తగిలితే రాలాయి. అందుకే గోరువెచ్చన అని అంత గట్టిగా చెప్పడం. ఇంకోసారి వెన్న తీయని పాలు వాడాను. గోడ మీద జిడ్డు మరకలు తేలాయి.

జారుగా అయ్యేదాకా నీళ్ళు కలిపి, వడగట్టి, ఇంతకుముందు రంగు వేయని గోడని కొద్దిగా తడిపి, దాని మీద పల్చగా రెండు మూడు పూతలు వేయండి. పాత ప్లాస్టిక్ రంగు మీద ఇది పట్టదు. ఎర్రమట్టి, పసుపుమట్టి కలపొచ్చు, వాటిలోని ఇనుప ఆక్సైడ్లకి సున్నమంటే భయం లేదు. వంటింటి పసుపు మాత్రం వద్దు. సున్నం తగిలి ఎర్రబడుతుంది, తర్వాత వెలుతురుకి వెలిసిపోతుంది. ఇంతకీ మట్టిరంగుని పాలతో కలపడం కొత్తేమీ కాదు. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో దొరికిన ఒక రాతి పెచ్చు మీద 49,000 ఏళ్ళనాటి ఎర్రమట్టీ పాలూ కలిపిన రంగుని గుర్తించినట్టు 2015లో ప్రకటించారు. పశువుల్ని మచ్చిక చేసుకోవడానికి ఎన్నో వేల ఏళ్ళ ముందు సంగతది.

పూసిన వెంటనే గోడ వెలవెలబోతూ కనిపిస్తే రంగు పాడైందనుకోకండి. తడిగా ఉన్నప్పుడు సున్నపు రేణువుల మధ్య నీళ్ళుంటాయి. వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకెని వక్రీభవన గుణకం అంటారు. నీటికది 1.33, రేణువులకి 1.6 దరిదాపు. తేడా తక్కువ కాబట్టి వెలుతురు పెద్దగా చెదరకుండా లోపలికి వెళ్ళిపోతుంది. ఆరి, నీళ్ళున్న చోట గాలి చేరితే తేడా పెరుగుతుంది, వెలుతురు అన్ని వైపులా చెదిరి తెలుపు తేలుతుంది. మా గోడ మీద ఈ తెలుపు అంచుల నుంచి నడిమికి పాకుతూ వచ్చింది, కుర్చీ వేసుకుని చూశాను. తర్వాత కొన్ని వారాలపాటు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని సున్నపురాయిగా మారుతూ గట్టిపడుతుంది.

కలిపిన రంగు ఆ రోజే వాడేయాలి, మర్నాటికి కంపు కొడుతుంది. కుంచెని వెంటనే నీళ్ళతో కడగండి. నేను మర్చిపోయి, తెల్లారాక కర్రలా బిగిసిన కుంచెని వెనిగర్‌లో ముంచాను. సున్నం బుడగలు కక్కుతూ కరిగింది గానీ కుంచె వెంట్రుకలు విడలేదు. పాలని ముద్ద చేసిందే వెనిగర్ కదా, మళ్ళీ దాన్నే పోశాను.