మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని బ్రౌజర్లున్నాయి?

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో స్లాక్, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లు, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ మూడూ తెరిచి పక్కన క్రోమ్ కూడా పెట్టుకుంటే, మీరు నడుపుతున్నది ఒక్క బ్రౌజర్ కాదు, నాలుగు. మెషీన్ నత్తనడక నడవదా మరి!

ఆ మూడు యాప్‌లూ ఎలక్ట్రాన్ అనే సాధనంతో కట్టినవే. 2013లో కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ వాళ్లు ఆటమ్ అనే కోడ్ ఎడిటర్ కోసం దీన్ని తయారుచేసుకున్నారు, అప్పట్లో పేరు ఆటమ్ షెల్. వెబ్‌సైట్ రాసే హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తోనే డెస్క్‌టాప్ యాప్ రాసెయ్యొచ్చు. కాకపోతే అది నడవడానికి క్రోమ్‌కి పునాది అయిన క్రోమియమ్ బ్రౌజర్, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ జేఎస్ మొత్తం యాప్‌తో పాటే వస్తాయి, అందుకే విండోలో "హలో" అని మాత్రమే చూపించే యాప్ కూడా 100 ఎంబీ దాటేస్తుంది.

కంపెనీలకి ఇది బాగానే గిట్టుబాటవుతుంది. విండోస్‌కి, మ్యాక్‌కి, లైనక్స్‌కి వేరువేరు టీములు అక్కర్లేదు, వెబ్ కోసం రాసిన కోడ్‌లో చాలాభాగం ఇక్కడా పనికొస్తుంది. ర్యామ్ ఖర్చు ఎలాగూ మనదే కదా.

ర్యామ్ సంగతి అందరూ తిట్టుకునేదే, నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది అప్‌డేట్ల వ్యవహారం. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ ఫొటోలను విప్పడానికి క్రోమియమ్ వాడే లిబ్‌వెబ్‌పీ అనే కోడ్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది, అప్పటికే దాన్ని అడ్డం పెట్టుకుని దాడులు జరుగుతున్నాయి. క్రోమ్‌కి గూగుల్ వెంటనే మందు వేసింది. కానీ మీ చాట్ యాప్ లోపల దాక్కున్న క్రోమియమ్‌కి ఆ మందు అందదు. ముందు ఎలక్ట్రాన్ కొత్త వెర్షన్ రావాలి, దాన్ని ఒక్కో యాప్ వాళ్లు విడివిడిగా తెచ్చి పెట్టుకోవాలి, ఆ తర్వాత మీరు అప్‌డేట్ చేసుకోవాలి. ఎప్పుడో వదిలేసిన యాప్‌ల గతి చెప్పక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకో సాధనం టౌరీ, దాని దారి వేరు. అది బ్రౌజర్‌ని మొయ్యదు, సిస్టమ్‌లో ఉన్నదాన్నే వాడుకుంటుంది, కాబట్టి యాప్ కొద్ది ఎంబీల్లో అయిపోతుంది. అయితే విండోస్‌లో దొరికేది ఎడ్జ్ ఇంజిన్, మ్యాక్‌లో సఫారీది. ఒకచోట చక్కగా కనిపించిన బటన్ ఇంకోచోట వంకరపోతే ఆ తలనొప్పి డెవలపర్‌ది.

అలాగని తప్పంతా ఎలక్ట్రాన్ మీదకి నెట్టలేం. ఆటమ్, వీఎస్ కోడ్ రెండూ దాని మీదే నడిచాయి. ఆటమ్‌లో ప్యాకేజీలు, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు, ఎడిటర్ విండో నడిచే ప్రాసెస్‌లోనే నడిచేవి, ఒకటి మొరాయిస్తే టైపింగ్ కూడా ఆగిపోయేది. వీఎస్ కోడ్ అలాంటి తన ఎక్స్‌టెన్షన్లను మొదట్నుంచీ వేరే ప్రాసెస్‌లో కూర్చోబెట్టింది. 2022 డిసెంబర్‌లో ఆటమ్ మూతపడింది, దాన్ని కట్టినవాళ్లలో కొందరు ఇప్పుడు జెడ్ అనే కొత్త ఎడిటర్ చేస్తున్నారు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, బ్రౌజర్ ఊసే లేకుండా.