ప్లేటో పేరులో దాగిన ‘న’

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

‘ప్లాటోనిక్ లవ్’ అనే మాట మీరు వినే ఉంటారు. అది గ్రీకు తత్త్వవేత్త ప్లేటో పేరు మీద వచ్చిన మాట. ఆయన పేరు ప్లేటో కదా, మరి మధ్యలో ఈ ‘న’ ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎప్పుడైనా అడిగారా? అడగరు, నాకు తెలుసు. నేనే చెప్తాను.

గ్రీకులో ఆయన పేరు ప్లాటోన్. లాటిన్‌లో ఇలాంటి పేరు కర్తగా వచ్చినప్పుడు చివరి ‘న్’ ఊడిపోతుంది, విభక్తి చేరగానే తిరిగొస్తుంది. ప్లాటో అంటే ప్లేటో, ప్లాటోనిస్ అంటే ప్లేటో యొక్క. మనం ‘ఇల్లు తలుపు’ అనకుండా ‘ఇంటి తలుపు’ అంటాం చూడండి, అలాంటిదే. విశేషణాన్ని ఆ రెండో రూపం మీదే కడతారు. దానికి గ్రీకు నుంచి తెచ్చుకున్న ‘ఇకుస్’ తగిలిస్తే ప్లాటోనికుస్ అవుతుంది. సోక్రటీస్‌కైతే సోక్రాటికుస్. పైగా పక్కనున్న నామవాచకం లింగాన్ని బట్టి ప్లాటోనికుస్, ప్లాటోనికా, ప్లాటోనికుమ్ అని మారుతూ ఉంటుంది. మన విశేషణాలకు ఆ తిప్పలు లేవు.

అందరికీ ‘ఇకుస్’ అతకదు. ఎపిక్యూరస్ అనే మరో గ్రీకు తత్త్వవేత్త అనుచరుణ్ణి ఎపికూరేఉస్ అన్నారు. ఇది గ్రీకులో ‘ఎయోస్’ అనే వేరే ప్రత్యయం నుంచి వచ్చింది. పైథాగరస్‌కూ ఇదే. అరిస్టాటిల్ దగ్గరికొచ్చేసరికి అది ‘ఇయుస్’ అయింది. వక్త గురించి తాను మూడు సంపుటాలు ‘అరిస్టోటెలియో మోరే’, అంటే అరిస్టాటిల్ పద్ధతిలో, రాశానని రోమన్ వక్త సిసిరో క్రీ.పూ. 54లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. అరిస్టోటెలికుస్ అనే రూపం తర్వాతి కాలంలో బాగా వాడుకలోకి వచ్చింది.

నాకు తమాషాగా అనిపించేది స్టోయిక్ తత్త్వానికి ఆద్యుడైన జీనో సంగతి. ఆయన శిష్యుల్ని మొదట్లో ఆయన పేరుతోనే పిలిచేవారట. ఆయన పాఠాలు చెప్పింది ఏథెన్స్‌లో బొమ్మలు వేసిన ఒక పెద్ద వసారాలో. గ్రీకులో వసారాను స్టోవా అంటారు. చివరికి గురువు పేరు పోయి వసారా పేరు మిగిలింది: స్టోయికుస్. ప్లేటో శిష్యులకూ ఆయన బడి ఉన్న చోటును బట్టి అకాడెమికుస్ అనే పేరుండేది. కానీ తర్వాతి శతాబ్దాల్లో ఆయన్ని అనుసరించిన పెద్ద పెద్దవాళ్ళు తమను ప్లాటోనికులనే పిలవాలన్నారని క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ రాశాడు.

ఇప్పటి అల్జీరియాలో ఉన్న మదౌరోస్ అనే ఊళ్ళో ఒక విగ్రహపీఠం దొరికింది. ‘ప్లాటోనిక తత్త్వవేత్తకు, మదౌరోస్ పౌరులు’ అని దానిమీద లాటిన్‌లో చెక్కి ఉంది. మనిషి పేరు లేదు. ఆ ఊళ్ళో పుట్టిన లాటిన్ రచయిత అపులేయుస్‌దే అయి ఉంటుందని పండితుల అంచనా.

మీ తాతయ్య