జ్వాలాపురం బూడిద, టాంబోరా ఆకలి

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు వాగు లోయ ఉంది. అక్కడి జ్వాలాపురం చుట్టుపక్కల నేలను తవ్వుతూ పోతే, ఒకచోట ఎర్రమట్టి ఆగిపోయి తెల్లటి, మెత్తటి పొడి మొదలవుతుంది. కొన్నిచోట్ల ఆ పొర మందం రెండు మీటర్లకు పైనే. స్థానికంగా దాన్ని తవ్వి, శుభ్రం చేసే పౌడర్ల తయారీకి అమ్మేవాళ్లు. అందుకు బాగానే పనికొస్తుంది, ఎందుకంటే అది కట్టెలు కాలగా మిగిలిన బూడిద కాదు, గాజు. మైక్రోస్కోప్ కింద పెడితే పగిలిన బుడగల పెంకుల్లాంటి వంకర ముక్కలు కనిపిస్తాయి. వాటి అంచులు కత్తుల్లా ఉంటాయి.

ఆ గాజు దాదాపు 2,600 కిలోమీటర్ల అవతల, ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి వచ్చింది. సుమారు 74,000 ఏళ్ల కిందట అక్కడ టోబా అనే అగ్నిపర్వతం పేలింది. గడిచిన లక్ష సంవత్సరాల్లో అంతకంటే పెద్ద పేలుడు భూమ్మీద జరిగినట్టు ఆధారాలు లేవు. దాదాపు 2,800 ఘనపు కిలోమీటర్ల శిలాద్రవం బయటికి వచ్చిందని ఒక ప్రసిద్ధ అంచనా. తర్వాత వేసిన లెక్కల్లో కొన్ని ఇంకా ఎక్కువే చెబుతున్నాయి. కొండ కడుపు ఖాళీ అయి పైభాగం కూలిపోగా ఏర్పడిన గుంటలోనే ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవైన టోబా సరస్సు ఉంది. జ్వాలాపురంలో నేరుగా ఆకాశం నుంచి రాలింది కొన్ని సెంటీమీటర్ల బూడిదే. చుట్టూ ఉన్న గుట్టల మీద పడిందంతా వానలకు కొట్టుకొచ్చి పల్లంలో చేరడంతో పొర అంత మందంగా పేరుకుంది.

ఇంత పెద్ద పేలుడు జరిగితే అప్పటి మనుషులు ఏమై ఉంటారు? దాదాపు అంతరించిపోయే దాకా వచ్చారని 1990లలో ఒక వాదం బలంగా నడిచింది. ఏళ్ల తరబడి చలి కమ్మేసిందని, మానవజాతి కొన్ని వేల మందికి కుదించుకుపోయిందని, మన జన్యువుల్లో వైవిధ్యం తక్కువగా ఉండటానికి అదే కారణమని. కథగా వింటే భలే ఉంటుంది. అందుకే టీవీ డాక్యుమెంటరీలు దాన్ని ఇప్పటికీ వదలవు.

జ్వాలాపురం మాత్రం ఆ కథకు అడ్డం తిరిగింది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, బ్రిటన్ నుంచి వచ్చిన మైఖేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వకాలు జరిపి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పొర పైన కూడా దొరికాయి. రెండూ చాలావరకు ఒకే రకం, ఒకే పనితనం. అంటే బూడిద పడకముందు అక్కడ తిరిగినవాళ్ల తరహా మనుషులే, పడ్డాక కూడా అక్కడ రాయి చెక్కుకుంటూ బతికారు. ఆ పొరల్లో మనిషి ఎముకలు దొరకలేదు కాబట్టి వాళ్లు మన జాతివాళ్లేనా, వేరే మానవజాతా అన్న వాదన ఇంకా తెగలేదు. అయినా "అందరూ పోయారు" అనే మాట మాత్రం నిలబడలేదు. తర్వాత మధ్యప్రదేశ్‌లోని ధాబాలోనూ, దక్షిణాఫ్రికా తీరంలోని పినకిల్ పాయింట్‌లోనూ ఇలాగే తేలింది. పినకిల్ పాయింట్‌లో టోబా గాజు రేణువులు పడిన కాలంలోనూ, ఆ తర్వాతా జనం నిక్షేపంగా ఉన్నారు.

ఇప్పుడు 1815కి వద్దాం. అదే ఇండోనేషియాలోని సుంబావా దీవిలో ఏప్రిల్ 10న టాంబోరా పేలింది. టోబాతో పోలిస్తే అది వెదజల్లిన శిలాద్రవం యాభయ్యో వంతు కూడా ఉండదు. అయినా నేరుగా పదివేల మందికి పైగా చనిపోయారు. పొలాలు బూడిద కింద పడిపోయి, ఆ తర్వాత వచ్చిన ఆకలి, రోగాలు కూడా కలుపుకుంటే ఆ దీవుల్లోనే మృతులు డెబ్బై వేలు దాటారని అంచనా. మరుసటి ఏడాది యూరప్‌కు వేసవే రాలేదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జూన్ నెలలో మంచు కురిసింది. స్విట్జర్లాండ్, జర్మనీ ప్రాంతాల్లో ధాన్యం ధరలు ఆకాశాన్నంటాయి, ఐర్లాండ్‌లో ఆకలి వెంటే టైఫస్ జ్వరం వచ్చింది. చైనాలోని యునాన్‌లో వరి గింజ పట్టక కరువొచ్చింది.

చిన్న పేలుడు ఇంత చేటు ఎలా చేసింది? దీనికి సగం జవాబు ఆకాశంలో ఉంది. వాతావరణాన్ని చల్లబరిచేది బూడిద అని చాలామంది అనుకుంటారు. బూడిద బరువైనది, చాలావరకు కొన్ని రోజుల్లోనో వారాల్లోనో నేలకు దిగిపోతుంది. అది చేసే హాని దగ్గరి హాని: ఇళ్ల పైకప్పులు కూలుస్తుంది, నీళ్లు పాడుచేస్తుంది, విమానాల ఇంజన్లలో కరిగి అతుక్కుంటుంది. 1982లో ఇండోనేషియా మీదుగా వెళ్తున్న ఒక జంబో జెట్‌కు నాలుగు ఇంజన్లూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయింది దానివల్లే (చాలా కిందికి దిగాక ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి, అందరూ బతికారు). కాలాన్ని మార్చేది మాత్రం గంధకం. సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పదిహేను, ఇరవై కిలోమీటర్ల పైనున్న స్ట్రాటోస్ఫియర్‌కు చేరితే, అక్కడి నీటి ఆవిరితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపరలుగా మారుతుంది. అంత ఎత్తులో వాన ఉండదు కాబట్టి వాటిని కడిగేసేది ఏదీ లేదు. ఒకటి రెండేళ్లపాటు అవి భూగోళమంతా పరుచుకుని, ఎండాకాలం పందిరి మీద కప్పిన పలుచటి గుడ్డలాగా సూర్యకాంతిలో కొంత భాగాన్ని అడ్డుకుంటాయి. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలితే, సెప్టెంబరులో మద్రాసు జనం ఆకుపచ్చ సూర్యుణ్ణి చూశారు.

అందుకే పేలుడు పరిమాణం ఒక్కటే చూస్తే లాభం లేదు. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ పేలింది, 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్ పేలింది. పరిమాణంలో రెండూ పెద్ద తేడా లేనివే. కానీ ఎల్ చిచోన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువ సల్ఫర్ డయాక్సైడ్ పంపింది, వాతావరణంలో దాని ప్రభావం కనిపించింది. సెయింట్ హెలెన్స్ పేరు ప్రపంచమంతా మోగింది కానీ కాలం మీద దాని ముద్ర దాదాపు లేదు. టోబా ఎంత గంధకం పంపిందన్న దానిమీద అంచనాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. పోట్లాట అంతా అక్కడే.

మనవైపు వాళ్లకు చలికంటే వాన ముఖ్యం. వేసవిలో నేల సముద్రం కంటే బాగా వేడెక్కడం వల్లే రుతుపవనాలు లోపలికి వస్తాయి. ఎండ తగ్గితే నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం నిదానంగా చల్లబడుతుంది. రెండింటి మధ్య తేడా తగ్గి వాన బలహీనపడుతుంది. 1783 జూన్‌లో ఐస్‌లాండ్‌లోని లాకి అనే అగ్నిపర్వతపు పగుళ్లు తెరుచుకుని ఎనిమిది నెలలు మండాయి. అక్కడ ఆ పగుళ్ల నుంచి వచ్చిన ఫ్లోరిన్ విషం పట్టిన గడ్డి మేసి గొర్రెలు, పశువులు కుప్పలుగా చచ్చాయి, తిండి లేక దాదాపు ఐదోవంతు జనం పోయారు. అది ఐస్‌లాండ్ కథ. ఆ ఏడాది ఆఫ్రికా రుతుపవనాలు నీరసించి నైలు నదికి వరద సరిగా రాలేదు, ఈజిప్టు కరువులో పడింది. నైలు రైతుకు లాకి అనే పేరు కూడా తెలిసి ఉండదు.

మిగతా సగం జవాబు నేలమీద ఉంది. జుర్రేరు లోయలో బతికినవాళ్లకు సొంత పొలం లేదు, కట్టాల్సిన శిస్తు లేదు. వేటజంతువు కదిలితే వాళ్లూ కదిలారు, ఒక దుంప దొరక్కపోతే ఇంకో కాయ ఏరుకున్నారు. 1816 నాటి జర్మనీ రైతుకు ఆ వెసులుబాటు ఎక్కడిది? ఒకే పొలం, ఒకే పంట, వచ్చే కోత దాకా సరిపడీ సరిపడని గింజలు. టాంబోరా తర్వాత భూమి సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూ ఇటూగా తగ్గింది, అంతే. ఆ అర డిగ్రీ చాలింది. పేలుడును తిట్టుకోవడం తేలిక, కానీ ఆ చావుల్లో పెద్ద వాటా ఖాళీ గాదెలదే అని నాకనిపిస్తుంది.

ఈ శతాబ్దంలో టాంబోరా స్థాయి పేలుడు జరిగే అవకాశం ఆరింట ఒకటని, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచుపొరల్లోని గంధకం లెక్కలను బట్టి శాస్త్రవేత్తలు చెబుతున్నారు. తేడా ఏమిటంటే ఈసారి ముందే తెలుస్తుంది. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలకముందే వేలాది మందిని ఖాళీ చేయించారు. పేలాక గంధకాన్ని ఉపగ్రహాలు కొలిచాయి, భూమి సుమారు అర డిగ్రీ చల్లబడుతుందని ముందుగానే అంచనా వేశారు, దాదాపు అలాగే జరిగింది. అంటే రేపు ఎక్కడో ఒక కొండ పేలితే, వచ్చే ఖరీఫ్‌కు వాన తగ్గవచ్చని నెలల ముందే హెచ్చరిక అందుకోవచ్చు. ఆ హెచ్చరిక అందాక గోదాముల్లో ఎంత ధాన్యం ఉంచాలి, ఎగుమతులు ఎప్పుడు ఆపాలి, తక్కువ నీటితో పండే విత్తనం ఏ మండలానికి ఎంత పంపాలి అన్నది అగ్నిపర్వత శాస్త్రవేత్తలు చెప్పే విషయం కాదు. అది వ్యవసాయ శాఖలు, పౌరసరఫరాల శాఖలు ఇప్పుడే కూర్చుని రాసుకోవాల్సిన లెక్క.