అలిపిరి దగ్గర రూమ్ తీసుకుంటే గుడికి దగ్గరా? అపోహలు - వాస్తవాలు

మాది తిరుపతిలో ట్రావెల్స్ ఆఫీసు. కార్లతో పాటు, వచ్చే కుటుంబాలకు రూములూ చూసిపెడుతుంటాం. ఫోన్ ఎత్తగానే వినిపించే మాట ఒకటే: "అన్నా, అలిపిరి పక్కనే చూడండి, గుడికి దగ్గరుంటుంది."

అపోహ: అలిపిరిలో ఉంటే దర్శనానికి దగ్గర.

వాస్తవం: అలిపిరి కొండ అడుగున ఉంది, గుడి కొండ మీద ఉంది. మ్యాప్‌లో వేలెడు దూరమే కనిపిస్తుంది గానీ ఘాట్ రోడ్డు దాదాపు 18 కిలోమీటర్లు. మీ రూమ్ బస్టాండ్ దగ్గరున్నా, తిరుచానూరులో ఉన్నా, కార్లో పోయినా బస్సులో పోయినా అలిపిరి చెక్‌పోస్టులో బండి దిగాల్సిందే, సామాను స్కానింగ్‌కు పెట్టాల్సిందే. ఆ పైన ఘాట్‌లో వేగానికీ పరిమితి ఉంది. అలిపిరిలో ఉండి మీరు మిగుల్చుకునేది మహా అయితే పది, పదిహేను నిమిషాలు.

మొన్న కార్తీకంలో నిజామాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. 'గుడికి 2 కి.మీ.' అని చూసి ఆన్‌లైన్‌లో రూమ్ బుక్ చేసుకున్నారు. నేను వెళ్లేసరికి రెండు మోకాళ్లకూ పట్టీలు వేసుకున్న పెద్దామె రిసెప్షన్‌లో కూర్చొని, "గోపురం ఏ దిక్కున్నది బిడ్డా?" అని వాచ్‌మన్‌ని అడుగుతోంది. అతను చెయ్యెత్తి కొండను చూపించాడు. ఆమె కొడుకు ముఖం చూడలేకపోయాను. రూమ్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ కుటుంబం తప్పేమీ లేదు. 'గుడి పక్కనే' అని రాసి డబ్బు తీసుకునేవాళ్ల మీదే నా కోపం.

అలిపిరి మెట్ల దారిన, అంటే 3,550 మెట్లు, నడిచి వెళ్లేవాళ్లకు అక్కడ రూమ్ నిజంగానే మేలు. శ్రీవారి మెట్టు దారైతే శ్రీనివాస మంగాపురం వైపు పోవాలి. సర్వదర్శనం టోకెన్ల కోసమైతే అలిపిరి భూదేవి కాంప్లెక్స్ ఒక్కటే కాదు, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం కూడా ఉన్నాయి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే నేను బస్టాండ్, రైల్వే స్టేషన్ మధ్యలోనే చూడమంటాను. రద్దీ ఉంటుంది, రాత్రి హారన్లు వినిపిస్తాయి, నిజమే. కానీ కొండ బస్సులో మొదట్లోనే ఎక్కి సీట్లో కూర్చోవచ్చు, పొద్దున్నే వేడి ఇడ్లీ దొరుకుతుంది, గోవిందరాజస్వామి గుడికి నడిచిపోవచ్చు. సొంత కారుంటే మాత్రం ఆ సందుల్లో పార్కింగ్‌తో అవస్థ. తిరుచానూరు రోడ్డు వైపు చూసుకోండి.

అపోహ: సుప్రభాతం టికెట్ ఉంది, కింద ఎక్కడున్నా తెల్లవారుజామున లేచి వెళ్లొచ్చు.

వాస్తవం: అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు. సేవ మూడు గంటలకు. ముందు రోజు సాయంత్రానికే కొండెక్కేయండి.

అపోహ: తిరుమలలో ప్రైవేట్ లాడ్జి రూములు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

వాస్తవం: లేవు. పైన ఉన్నవి టీటీడీ గదులు, మఠాలు. ఫోన్‌లో అడ్వాన్స్ పంపమంటే పంపకండి.

రైలు రేణిగుంటలో ఆగుతుందని అక్కడే రూమ్ తీసుకోకండి, పది కిలోమీటర్లు వెనకపడతారు. కింద ఉంటే దర్శనం తప్పిపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. టికెట్ మీద ఉన్న టైముకు మూడు గంటల ముందు రూమ్ నుంచి బయల్దేరండి, చాలు.