ఉపవాస ప్రార్థన: తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో శుక్రవారం వచ్చిందంటే మల్కాపురం, జ్ఞానాపురం, ఆరిలోవ, ఎటు వెళ్ళినా ఎక్కడో ఒకచోట ఉపవాస ప్రార్థన జరుగుతూనే ఉంటుంది. కొన్నిచోట్ల చర్చిలో, కొన్నిచోట్ల ఇళ్ళలో. గాజువాకలో అలాంటి ఒక స్త్రీల కూడికను చాలా ఏళ్ళుగా నేను నడిపిస్తున్నాను. కొత్తగా వచ్చే సిస్టర్స్ నోట వినే మాటల్లో కొన్నింటిని మొదట్లోనే సరిచేయకపోతే ఉపవాసం వల్ల వాళ్ళకు దొరకాల్సిన మేలు దొరకదు.

అపోహ: ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే దేవుడు అంత త్వరగా ఇస్తాడు.

వాస్తవం: మనుషుల్ని ఎక్కువగా గాయపరిచేది ఈ నమ్మకమే. కొడుక్కి ఉద్యోగం రావాలనో, కూతురికి సంబంధం కుదరాలనో 21 రోజులు పట్టుబట్టి ఉంటారు. జరగకపోతే "నా ఉపవాసంలోనే ఏదో లోపం ఉంది" అని కుమిలిపోతారు. బైబిల్లో రెండో సమూయేలు 12వ అధ్యాయం చదవండి. బిడ్డ జబ్బుపడితే దావీదు రాజు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు. ఇంట్లో పెద్దలు ఎంత బతిమాలినా లేవలేదు, ముద్ద ముట్టలేదు. ఏడో రోజున బిడ్డ చనిపోయాడు. ఆ మాట చెబితే ఏం చేసుకుంటాడోనని సేవకులు వణికిపోయారు. దావీదు మాత్రం లేచి, స్నానం చేసి, నూనె రాసుకుని, బట్టలు మార్చుకుని ముందు దేవుని మందిరానికి వెళ్ళి మొక్కాడు. ఆ తర్వాతే ఇంటికొచ్చి భోజనం అడిగాడు. ఆయన అడిగింది దొరకలేదు. అయినా అంత దుఃఖంలో మందిరం దారి పట్టగలిగాడంటే, ఆ ఏడు రోజులూ దేవుని ఎదుట పడి ఉండటం ఆయనకు ఇచ్చిన బలం అదేనని నేను నమ్ముతాను. ఉపవాసం వృథా అయిందని ఏడ్చేవాళ్ళకు నేను సలహాలేమీ చెప్పను. వాళ్ళ పక్కన కూర్చుని ఈ అధ్యాయమే చదువుతాను.

అపోహ: ఉపవాసం ఉంటే మనసు వెంటనే ప్రశాంతమైపోతుంది.

వాస్తవం: మొదట్లో చిరాకే ఎక్కువ. పదకొండు గంటలకల్లా పక్కింటి పోపు వాసనకే ధ్యాస చెదురుతుంది. పిల్లాడి చేతిలోంచి గ్లాసు జారితే చాలు, గొంతు లేస్తుంది. ఆ కోపం లోపల ఎప్పటినుంచో ఉన్నదే. రోజూ టీతో, టిఫిన్‌తో దాన్ని కప్పేస్తున్నాం. నన్నడిగితే ఉపవాసం వల్ల మనిషికి కలిగే పెద్ద మేలు ఇక్కడే ఉంది: లోపల మనల్ని ఏది ఆడిస్తోందో బయటపడుతుంది. మా కూడికలో ఒకామెకు అలా బయటపడింది తోడికోడలి మీద ఏళ్ళనాటి పగ. 35వ కీర్తనలో దావీదు, మేలుకు కీడు చేసినవాళ్ళు జబ్బుపడినప్పుడు వాళ్ళకోసమే ఉపవాసం ఉన్నానంటాడు. ఆమె ఆ కీర్తన పట్టుకుని, ప్రతి శుక్రవారం తోడికోడలి పేరు పైకి పలికి ప్రార్థించడం మొదలుపెట్టింది. మొదటి వారాల్లో ఆ పేరు దగ్గర గొంతు ఆగిపోయేది. ఇప్పుడు ఆగడం లేదు.

తలనొప్పి సంగతి వేరు. రోజుకు నాలుగైదు టీలు తాగేవాళ్ళకు కెఫీన్ ఒక్కసారిగా ఆగినందువల్ల అది వస్తుంది. రెండు మూడు రోజుల ముందు నుంచే టీలు తగ్గించుకుంటూ రండి.

అపోహ: ఉపవాసాలు మన పద్ధతి కాదు, పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నాం.

వాస్తవం: అంతియొకయ సంఘం ఉపవాసముండి ప్రార్థించాకే బర్నబాను, సౌలును సేవకు పంపింది (అపొస్తలుల కార్యములు 13). బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండమని దిడాఖే అనే తొలినాటి క్రైస్తవ రచన చెబుతుంది. 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ పాటించిందీ ఆ రెండు రోజులే.

అపోహ: నీళ్ళు ముట్టకూడదు, మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే.

వాస్తవం: బైబిల్లో ఎస్తేరు రాణి మూడు రోజులు నీళ్ళు కూడా మానింది, కానీ అప్పుడు యూదు జాతి ప్రాణాల మీదికి వచ్చింది. ప్రతి వారానికీ అది నియమం కాదు. మే నెలలో మన ఊరి ఉక్కపోతకు ఊరికే కూర్చున్నా చెమట కారిపోతుంది. దయచేసి నీళ్ళు తాగండి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ తీసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, బాలింతలు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండొద్దు. దానియేలు ప్రవక్త ఒకసారి మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం, రుచిగల ఆహారం మాత్రమే మానాడు. అలా కూడా ఉండొచ్చు. కథోలిక సంఘంలోనూ విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకే. ఆ రోజుల్లో ఒక పూట పూర్తి భోజనం, మరో రెండు పూటలు కొద్దిగా తినవచ్చు. జబ్బుగా ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది.

అపోహ: ఉపవాసం నాకూ దేవుడికీ మధ్య సంగతి, ఇతరులతో పని లేదు.

వాస్తవం: యెషయా 58 ఈ మాట ఒప్పుకోదు. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు అంటుంది. మేము మానేసిన పూట ఖర్చు ఒక డబ్బాలో వేస్తాం. ఆ డబ్బుతో అన్నం ప్యాకెట్లు కట్టి కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర రోగుల కోసం పడిగాపులు పడే బంధువులకు ఇస్తాం. పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉన్న మనిషి ప్యాకెట్ ఇచ్చే తీరే వేరు. "కూర సరిపోతుందా అమ్మా, ఇంకోటి ఇవ్వనా?" అని ఆగి అడుగుతుంది.

మొదటిసారి ఉండాలనుకునేవాళ్ళు శుక్రవారం పొద్దున్న టిఫిన్ ఒక్కటే మానండి. ముందురోజు రాత్రి మామూలుగా తినండి. టిఫిన్ చేసే ఆ అరగంట ఫోన్ పక్కన పెట్టి యెషయా 58 నెమ్మదిగా చదివి ప్రార్థించండి. మధ్యాహ్నం పప్పన్నం, మజ్జిగతో ముగించండి, బిర్యానీ వద్దు. మధ్యలో కళ్ళు తిరిగినా, చేతులు వణికినా వెంటనే ఆపి ఏదైనా తినండి. మళ్ళీ శుక్రవారం ఎలాగూ వస్తుంది.